చుక్కల లెక్కలు చూసి కథలల్లిన నార్లీకర్

ఆదిలాబాద్, కరీంనగర్: అది 1979 జూలై. వానాకాలం పనులు ముమ్మరంగా సాగాల్సిన రోజులు. కాని ఈ జిల్లాల్లో ఎక్కడ నలుగురు కూడినా ఒకటే మాట, స్కైలాబ్! అమెరికా వాళ్ళు ఆకాశంలోకి పంపిన సామాను విరిగి మీద పడుతుందట, ఊళ్ళకు ఊళ్ళే పోతాయట అన్న పుకారు చెట్టుకొమ్మల మీది కోతిలా ఊరి నుంచి ఊరికి దూకింది. ఎట్లాగూ పోయే ప్రాణమే కదా అని మేకలు, కోళ్ళు కోసుకు తిన్నవారున్నారు. గొడ్డూ గోదా అయినకాడికి అమ్ముకున్నవారున్నారు. దూరాన ఉన్న కొడుకులను, బిడ్డలను పిలిపించుకుని ఒక్కచోట కూర్చున్న ఇళ్ళున్నాయి. ఆనాటి సంగతులు ఊళ్ళలోని పెద్దలు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. అప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

చివరికి జూలై 11న ఆ 77 టన్నుల స్కైలాబ్ ముక్కలై కొంత హిందూ మహాసముద్రంలోనూ, కొంత పశ్చిమ ఆస్ట్రేలియాలో జనం పలుచగా ఉన్న ప్రాంతంలోనూ పడింది. ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగలలేదు. ఇక్కడ మాత్రం అమ్ముకున్న గొడ్లు తిరిగి రాలేదు. కరీంనగర్ జిల్లా బండలింగంపల్లి నేపథ్యంగా ఆనాటి భయం మీద 2021 డిసెంబరులో ‘స్కైలాబ్’ పేరుతో ఒక తెలుగు సినిమా కూడా వచ్చింది.

ఏడు నెలలు తిరిగేసరికి 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. హైదరాబాద్ సమీపంలోని రంగాపూర్‌లో దేశదేశాల శాస్త్రవేత్తలు దుర్భిణులు పెట్టుకుని ఆకాశం వైపు చూస్తుంటే, పట్నాల్లోనూ పల్లెల్లోనూ జనం తలుపులు బిగించుకుని ఇళ్ళలో కూర్చున్నారు.

ఆకాశంలో ఏం జరుగుతోందో జనానికి అర్థమయ్యే మాటల్లో, వారి సొంత భాషలో చెప్పేవారు లేకపోవడమే ఈ భయానికి మూలం. సరిగ్గా అదే కాలంలో పెన్‌గంగకు అవతలి ఒడ్డున, మరాఠీ భాషలో, ఒక శాస్త్రవేత్త ఆ పనికి పూనుకున్నారు. తెలిసిన శాస్త్రాన్ని కథలుగా, నవలలుగా మలిచి ఇంటింటికీ చేర్చారు. ఆయనే డాక్టర్ జయంత్ విష్ణు నార్లీకర్. 2025 మే 20న 86 ఏళ్ళ వయసులో పుణెలో కన్నుమూశారు.

మరాఠీ రచయిత సంగతి మనకెందుకు అనుకోవడానికి లేదు. ఆదిలాబాద్ సరిహద్దు ఊళ్ళలో మరాఠీ ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు ఎన్నో. అంతకు మించిన సంబంధం మరొకటుంది. ఆయన జీవితంలోని ఒక పెద్ద ప్రయోగం హైదరాబాద్ గడ్డ మీది నుంచే ఆకాశానికి ఎగిరింది. అలాంటి బెలూన్లు దిగివచ్చే దారిలోనే ఆదిలాబాద్, కరీంనగర్ పల్లెలున్నాయి.

గోడ మీది నల్లబల్ల

నార్లీకర్ 1938 జూలై 19న మహారాష్ట్రలోని కొల్హాపూర్‌లో పుట్టారు. తండ్రి విష్ణు వాసుదేవ్ నార్లీకర్ కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో గణిత ఆచార్యులు. తల్లి సుమతి సంస్కృత పండితురాలు. పెరిగింది, చదివింది కాశీలోనే.

ఆయన చిన్నతనంలో ఇంట్లో గోడకు నల్లబల్ల ఉండేది. లెక్కల్లో దిట్ట అయిన మేనమామ అదే ఇంట ఉంటూ, ఆ బల్ల మీద చిక్కు లెక్క ఒకటి రాసి, మేనల్లుడి పేరు పెట్టి ‘ఇది నీకు సవాలు’ అని వదిలేసేవారట. జవాబు చెప్పేవారు కాదు. కుర్రవాడు చేసేదాకా లెక్క బల్ల మీదే ఉండేది. చేశాక మరొకటి వచ్చేది. బడిలో మార్కుల కోసం కాకుండా లెక్కను లెక్కగా ఇష్టపడడం అక్కడే అబ్బిందని నార్లీకర్ తరువాతి కాలంలో గుర్తుచేసుకునేవారు.

1957లో కాశీలో బి.ఎస్సీ. ముగించి ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. గణితంలో అందరికన్నా ముందు నిలిచినవారికి అక్కడ ఇచ్చే ‘సీనియర్ రాంగ్లర్’ గౌరవం దక్కించుకున్నారు. అక్కడే ఆయనకు గురువు దొరికారు. పేరు ఫ్రెడ్ హాయిల్. పేరుమోసిన ఖగోళ శాస్త్రవేత్త. అంతేకాదు, శాస్త్ర కాల్పనిక నవలలు రాసేవాడు కూడా. సూర్యుడికి అడ్డంగా వచ్చిన నల్లని మేఘం గురించి 1957లో హాయిల్ రాసిన నవల ఎంతో పేరు తెచ్చుకుంది. పగలు లెక్కలు వేసేవాడు రాత్రి కథ రాస్తే తప్పు కాదన్న పాఠం శిష్యుడికి అక్కడే అందింది.

చెరువు నిండేది, పారేది

ఆ రోజుల్లో శాస్త్రలోకంలో ఒక పెద్ద తగాదా నడుస్తోంది. ఈ విశ్వం ఒకనాడు మహా విస్ఫోటంతో పుట్టిందా, లేక ఎప్పుడూ ఉన్నదేనా? నక్షత్రాల గుంపులు ఒకదానికొకటి దూరమవుతున్నాయని అప్పటికే తేలింది. దూరమవుతున్నాయంటే ఒకప్పుడు దగ్గరగా, ఒకే ముద్దగా ఉండి పేలి ఉంటాయని ఒక వర్గం వాదన. హాయిల్, మరో ఇద్దరు శాస్త్రవేత్తలు 1948లో దీనికి ఎదురు వాదన లేవదీశారు.

వారి వాదనను ఊరి చెరువుతో పోల్చి చూడవచ్చు. తూము గుండా నీరు పోతూనే ఉంటుంది. వాగు నుంచి కొత్త నీరు చేరుతూనే ఉంటుంది. చూసేవారికి మట్టం మాత్రం ఎప్పుడూ ఒక్కలాగే కనిపిస్తుంది. విశ్వం కూడా అంతేననీ, పాత నక్షత్రాలు దూరమవుతుంటే ఖాళీల్లో కొత్త పదార్థం పుడుతూ ఉంటుందనీ వారు చెప్పారు. దీనికి మొదలూ లేదు, చివరా లేదు.

నార్లీకర్ ఆ గురువు వద్ద 1963లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. గురుశిష్యులు కలిసి గురుత్వాకర్షణ మీద కొత్త సిద్ధాంతం ఒకటి తయారుచేసి 1964లో లండన్‌లోని రాయల్ సొసైటీ ముందు పెట్టారు. ఐన్‌స్టీన్ చెప్పినదానికి అదనంగా చెప్పడానికి పాతికేళ్ళ భారతీయ యువకుడు సాహసించాడన్న వార్త ప్రపంచ పత్రికలన్నీ వేశాయి. 1965లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. అప్పటికి ఆయన వయసు 26 ఏళ్ళే.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. ఆకాశంలో ఏ దిక్కున వెతికినా ఒకే తీరున వస్తున్న సన్నని వేడిమి కిరణాలను 1965 నాటికి ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. అది విస్ఫోటం తాలూకు మిగిలిన వేడేనని ఎక్కువమంది ఒప్పుకున్నారు. చెరువు వాదన వెనకబడింది. అయినా నార్లీకర్ పట్టు వదలలేదు. 1993లో హాయిల్, జెఫ్రీ బర్బిడ్జ్‌లతో కలిసి ఆ వాదనను మార్చి, సరిదిద్ది మళ్ళీ ముందుకు తెచ్చారు. నేటికీ ఎక్కువమంది శాస్త్రవేత్తలు విస్ఫోట సిద్ధాంతం వైపే ఉన్నారు. నలుగురితో నడవడం సులువే కాని, ప్రశ్న అడగడం మానేస్తే శాస్త్రం ఆగిపోతుందన్నది ఆయన జీవితమంతా నిలబడిన మాట.

మారుపేరుతో పోటీకి

కేంబ్రిడ్జిలో స్థిరపడి ఉంటే ఆయనకు లోటేమీ లేదు. అయినా 1972లో భార్య మంగళతో కలిసి స్వదేశానికి తిరిగివచ్చి బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో ఆచార్యుడిగా చేరారు. మంగళ కూడా గణిత శాస్త్రవేత్తే.

అహ్మదాబాద్‌లో ఒకసారి శాస్త్రవేత్తల సదస్సుకు వెళ్ళినప్పుడు ఒక ఉపన్యాసం విసుగు పుట్టించిందట. అందరూ ఆవలిస్తుంటే ఆయన ముందున్న కాగితాలు తీసుకుని కథ మొదలుపెట్టారు. అది కృష్ణబిలం గురించిన కథ. కృష్ణబిలం అంటే నక్షత్రం తనలోకి తాను కుంగిపోయి, వెలుగు కూడా బయటికి పోలేనంత ఆకర్షణతో మిగిలిన చోటు.

1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్తు విజ్ఞాన కథల పోటీ పెట్టింది. తన పేరు చూసి బహుమతి ఇచ్చారని అనిపించుకోవడం నార్లీకర్‌కు ఇష్టం లేదు. జ, వి, నా అన్న తన పేరులోని మొదటి అక్షరాలను తిరగేసి ‘నారాయణ్ వినాయక్ జగ్తాప్’ అని మారుపేరు పెట్టుకున్నారు. చేతిరాత కూడా గుర్తుపడతారేమోనని భార్య చేత తిరగరాయించి పంపారు. కథకు మొదటి బహుమతి వచ్చింది. ఆ తరువాతే జగ్తాప్ ఎవరో లోకానికి తెలిసింది.

ఆ రోజు మొదలైన కలం నలభై ఏళ్ళకు పైగా ఆగలేదు. ‘యక్షాంచీ దేణగీ’ వంటి కథల సంపుటాలు, ‘ప్రేషిత్’, ‘వామన్ పరత్ న ఆలా’, ‘వైరస్’, ‘అభయారణ్య’ వంటి నవలలు వెలువడ్డాయి. ఇంగ్లీషు, హిందీ సహా ఎన్నో భాషల్లోకి ఆయన రచనలు వెళ్ళాయి. ఇంగ్లీషులో రాస్తే ప్రపంచమంతా చదువుతుంది కదా అన్న ఆలోచన ఆయనను ఆపలేదు. తల్లి భాషలోనే ముందు రాసేవారు.

తోకచుక్క, వామనుడు, పానిపట్టు

ఆయన కథల్లో రాక్షసులు, మంత్రాలు ఉండవు. తెలిసిన శాస్త్రం నుంచి ఒక్క అడుగు ముందుకు వేసి, ‘ఇలా జరిగితే?’ అని అడుగుతాయి.

‘ధూమకేతు’ కథే తీసుకోండి. దుర్భిణి పెట్టుకుని రాత్రంతా ఆకాశం చూసే ఒక మామూలు మనిషికి కొత్త తోకచుక్క కనిపిస్తుంది. ఆయన పేరే దానికి పెడతారు. ఊరంతా మెచ్చుకుంటుంది. భార్యకు మాత్రం తోకచుక్క అశుభమని బెంగ. తీరా లెక్కవేస్తే ఆ చుక్క భూమికి ఎదురుగానే వస్తోందని తేలుతుంది. దేశదేశాల శాస్త్రవేత్తలు కలిసి దాన్ని దారి మళ్ళించే పని రహస్యంగా తలపెడతారు. ఇక్కడ ఇంట్లో శాంతి కోసం యజ్ఞం తలపెడతారు. ముప్పు తప్పుతుంది. దేనివల్ల తప్పింది అన్నదే ఆ ఇంట్లో మిగిలిన ప్రశ్న. స్కైలాబ్ రోజులు గుర్తున్నవారికి ఈ కథ పరాయి కథ అనిపించదు.

‘వామన్ పరత్ న ఆలా’ నవల మన పురాణంలోని వామనుడి పేరు తీసుకుంది. ప్రయోగశాల కోసం భూమి తవ్వుతుంటే ఎప్పుడో అంతరించిపోయిన ఒక తెలివైన జాతి దాచిపెట్టిన పెట్టె బయటపడుతుంది. అందులోని విద్యతో మనుషులు ఒక యంత్ర మనిషిని తయారుచేస్తారు. చూడడానికి పొట్టివాడు, తెలివికి మాత్రం కొలత లేదు. చెప్పిన పనల్లా చేస్తాడు. ఒకనాడు తనలాంటి మరికొన్ని యంత్రాలను తానే చేసుకుంటానంటాడు. మూడడుగులు అడిగిన వామనుడికి సరేనన్న బలి చక్రవర్తి గతి ఏమయిందో అందరికీ తెలుసు. యంత్రాలు మనిషి పనులన్నీ చేసే రోజులు వస్తున్నాయని పేపర్లు రోజూ రాస్తున్న ఈ కాలంలో ఆ నవల చదివితే, దశాబ్దాల క్రితమే ఆయన ఏం హెచ్చరించారో అర్థమవుతుంది.

భూమిలోంచి ఎన్నడూ ఎరగని కాలం బయటపడడం మన జిల్లాకు కొత్తేమీ కాదు. ప్రాణహిత పరిసరాల్లోని యామన్‌పల్లి దగ్గర తవ్వకాల్లో కోట్ల ఏళ్ళ నాటి రాక్షసిబల్లి ఎముకలు దొరికాయి. ఆ ఊరి పేరునే కలిపి 1988లో దానికి ‘కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్’ అని శాస్త్రీయ నామం పెట్టారు. ఆ అస్థిపంజరాన్ని నేడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో చూడవచ్చు.

మరో కథలో పుణెకు చెందిన చరిత్ర ఆచార్యుడు గంగాధర్‌పంత్ ఉన్నట్టుండి మరో లోకంలో మేలుకుంటాడు. అక్కడ 1761 నాటి మూడో పానిపట్టు యుద్ధంలో మరాఠాలు ఓడలేదు, గెలిచారు. దాంతో దేశ చరిత్రే మారిపోయింది. ఒక తూటా వేలెడు పక్కకు పోతే చరిత్ర ఎటు పోయేదో చూపే కథ ఇది. దీని ఇంగ్లీషు రూపం ఎన్.సి.ఇ.ఆర్.టి. 11వ తరగతి ఇంగ్లీషు వాచకంలో పాఠంగా చేరింది.

హైదరాబాద్ నుంచి 41 కిలోమీటర్ల పైకి

నార్లీకర్ గురువు హాయిల్‌కు మరో ఆలోచన ఉండేది. ప్రాణం భూమి మీదనే పుట్టిందని ఎందుకు అనుకోవాలి? తోకచుక్కల ధూళితో పాటు సూక్ష్మజీవులు పైనుంచి దిగి ఉండవచ్చు కదా అని ఆయన, శ్రీలంకలో పుట్టిన శాస్త్రవేత్త చంద్ర విక్రమసింఘే చెబుతూ వచ్చారు. చాలామంది నవ్వారు. వాదించుకుంటూ కూర్చునే బదులు పైకి వెళ్ళి వెతికితే పోలేదా అన్నారు నార్లీకర్.

అందుకు తగిన చోటు హైదరాబాద్. ఇ.సి.ఐ.ఎల్. దగ్గర టాటా సంస్థ వారి బెలూన్ కేంద్రం ఉంది. 2001 జనవరిలో తొలి ప్రయత్నం జరిగింది. మరింత పకడ్బందీగా రెండోసారి 2005 ఏప్రిల్ 20న బెలూన్ ఎగిరింది. ఇస్రో అండగా నిలిచింది. నార్లీకర్ ప్రయోగానికి ముఖ్య పరిశోధకులు. ఇస్రో మాజీ అధ్యక్షులు యు.ఆర్. రావు, హైదరాబాద్ సి.సి.ఎం.బి. వ్యవస్థాపకులు పి.ఎం. భార్గవ మార్గదర్శకులు.

ఆ బెలూన్ పరిమాణం 2 కోట్ల 67 లక్షల ఘనపుటడుగులు. దాని కింద వేలాడిన సామాను 459 కిలోలు. అందులో 16 ఉక్కు గొట్టాలు. గొట్టాల్లో గాలి అంతా తీసేసి, ఏ క్రిమీ లేకుండా శుద్ధిచేసి మూశారు. వాటిని 38 కిలోల ద్రవ నియాన్‌లో ముంచి ఉంచారు. అది సున్నాకు 246 డిగ్రీల కింది చలి. పైకి వెళ్ళాక గొట్టం మూత తెరిస్తే, చల్లని చెంబు మీద ఆవిరి పేరుకున్నట్టు, పలచటి గాలి కూడా లోపలికి వచ్చి గడ్డకట్టి నిలిచిపోతుంది. 20 కిలోమీటర్ల నుంచి 41 కిలోమీటర్ల దాకా వేర్వేరు ఎత్తుల్లో ఇలా గాలి పట్టారు. ఎవరెస్టు శిఖరం ఎత్తు 9 కిలోమీటర్లకు తక్కువే అన్నది గుర్తుంచుకుంటే, ఇది ఎంత ఎత్తో తెలుస్తుంది. తరువాత గొట్టాలు పారాచూట్‌తో క్షేమంగా కిందికి దిగాయి.

ఆ గాలిని హైదరాబాద్ సి.సి.ఎం.బి.లోనూ, పుణెలోని జాతీయ కణశాస్త్ర కేంద్రంలోనూ విడివిడిగా పరీక్షించారు. 12 రకాల బాక్టీరియా సమూహాలు, 6 రకాల శిలీంధ్ర సమూహాలు కనిపించాయి. ఎక్కువ భాగం భూమి మీద ఎరిగినవే. మూడు బాక్టీరియాలు మాత్రం అంతవరకు ఎక్కడా నమోదు కాని కొత్త జాతులు. మామూలు క్రిములను చంపే అతినీలలోహిత కిరణాలను అవి తమ దగ్గరి జాతుల కంటే బాగా తట్టుకున్నాయి. 2009 మార్చిలో ఇస్రో ఈ వివరాలు వెల్లడించింది. వాటిలో ఒకదానికి హాయిల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, మరొకదానికి ఆర్యభట్టు పేరు పెట్టారు. అప్పటికి హాయిల్ లేరు, 2001 ఆగస్టులోనే కన్నుమూశారు. శిష్యుడి ప్రయోగంలో గురువు పేరు ఇలా నిలిచింది.

అయితే ఇవి వేరే లోకం నుంచి వచ్చాయని ఎవరూ చెప్పలేదు. పైనుంచి వచ్చాయనడానికి ఇది గట్టి రుజువు కాదని, మరింత వెతకడానికి ఉత్సాహం మాత్రం ఇస్తుందని ఇస్రో ఆనాడే స్పష్టం చేసింది. ఆర్యభట్టు పేరున్న జాతి ఆ తరువాత పొలాల మట్టిలో, మొక్కల వేళ్ళ దగ్గర కూడా దొరికింది. కాబట్టి అది గాలికి కింది నుంచే పైకి పోయి ఉండవచ్చు. తన గురువు మాటను నిజం చేయడానికి నార్లీకర్ ఫలితాన్ని సాగదీయలేదు. నవల వేరు, ప్రయోగం వేరు. నవలలో ఏదైనా జరగవచ్చు, ప్రయోగంలో దొరికినంతే చెప్పాలి.

చేనులో పారాచూట్ దిగితే

ఈ కేంద్రం వారు బెలూన్లు ఎగరవేసే ముందు పత్రికా ప్రకటన ఇస్తుంటారు. సామాను దిగే అవకాశమున్న జిల్లాల జాబితాలో ఆదిలాబాద్, కరీంనగర్ పేర్లు ఉంటూ వచ్చాయి. గాలివాటాన్ని బట్టి హైదరాబాద్‌కు 200 నుంచి 350 కిలోమీటర్ల దూరంలో కూడా దిగవచ్చని చెబుతారు. పత్తిచేనులోనో, చెల్కలోనో, అడవిలోనో తెల్లవారేసరికి రంగురంగుల పారాచూట్, పొడవాటి తాళ్ళు, వాటికో పెట్టె కనిపిస్తే కంగారు పడడం సహజం. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్లలో ఇలాగే ఒక పెద్ద గోళం దిగితే, వింత వస్తువేదో ఆకాశం నుంచి వచ్చిందని చుట్టుపక్కల జనమంతా తరలివచ్చారు. అది హైదరాబాద్ కేంద్రం నుంచి ఎగిరిన ఒక స్పెయిన్ సంస్థ ప్రయోగ సామాను అని తరువాత తేలింది.

పెట్టెను విప్పడం, తాళ్ళు కోసుకుపోవడం, లోపలి తీగలు లాగడం చేయరాదు. కొన్ని పరికరాల్లో ఎక్కువ వోల్టేజి విద్యుత్తు ఉంటుంది, ప్రాణానికే ముప్పు. పెట్టె మీద చిరునామా, ఫోన్ నంబరు రాసి ఉంటాయి. ఆ నంబరుకు గాని, దగ్గరి పోలీసు స్టేషన్‌కు గాని, పోస్టాఫీసుకు గాని కబురు చేస్తే చాలు. కబురు చేసినవారికి తగిన పారితోషికం, అయిన ఖర్చులు ఇస్తామని ప్రకటనల్లో చెబుతారు. సామాను చెడగొడితే మాత్రం ఆ పారితోషికం ఉండదు. నాలుగైదేళ్ళు కష్టపడి తయారుచేసిన ప్రయోగం ఫలితమంతా ఆ పెట్టెలోనే ఉంటుంది. దాన్ని చూసిన మొదటి రైతు చేతిలోనే దాని తలరాత ఉంటుంది.

జాతకాలకు పరీక్ష

భయం పోవాలంటే పరీక్ష పెట్టాలని నార్లీకర్ నమ్మారు. 2001లో విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషం కోర్సులు పెట్టాలన్న ఆలోచన వచ్చినప్పుడు ఆయన గట్టిగా వ్యతిరేకించారు. ఊరికే తిట్టి ఊరుకోలేదు. 2008లో మహారాష్ట్రలో మరో ముగ్గురితో కలిసి ఒక పరీక్ష ఏర్పాటు చేశారు. బాగా చదివే పిల్లలు 100 మంది, మానసిక ఎదుగుదల లేని పిల్లలు 100 మంది, మొత్తం 200 మంది జాతకాలు సేకరించారు. జ్యోతిష్కులకు తలా 40 జాతకాలు ఇచ్చి, ఏది ఏ పిల్లవాడిదో చెప్పమన్నారు. 51 మంది జాతకాలు తీసుకున్నారు. 27 మందే జవాబులు పంపారు. సరిపోయినవి సగటున నూటికి 46. బొమ్మా బొరుసా అని రూపాయి ఎగరేసినా నూటికి 50 సరిపోతాయి కదా!

ఈ పరీక్షలో ఆయనతో పనిచేసినవారిలో ఒకరు మూఢనమ్మకాలపై పోరాడిన డాక్టర్ నరేంద్ర దభోల్కర్. 2013 ఆగస్టు 20న పుణెలో పొద్దున నడకకు వెళ్ళిన దభోల్కర్‌ను కాల్చిచంపారు. ప్రశ్న అడగడం ఎంత ప్రమాదమో ఆ సంఘటన చెబుతుంది. ప్రశ్న అడగకపోవడం ఎంత ప్రమాదమో మన జిల్లాలకు తెలుసు. చేతబడి, బాణామతి అన్న అనుమానంతో సాటి మనిషిని కొట్టి చంపిన ఘోరాలు ఈ ప్రాంతంలోనూ జరిగాయి. చనిపోయినవారికి వచ్చిన జబ్బు ఏమిటని ఆనాడు ఒక్కరు అడిగి ఉంటే ఆ ప్రాణాలు దక్కేవి.

సంతకం కావాలా, కార్డు రాయి

1988లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం పుణెలో ‘అయుకా’ అనే ఖగోళ పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పే బాధ్యతను నార్లీకర్‌కు అప్పగించింది. ఏ మూల విశ్వవిద్యాలయంలో పనిచేసే అధ్యాపకుడైనా అక్కడికి వచ్చి పరిశోధన చేసుకోవచ్చు. 2003 దాకా ఆయనే దానికి సంచాలకులు. బడి పిల్లల కోసం నెలనెలా రెండో శనివారం అక్కడ ఉపన్యాసాలు, ప్రయోగాలు ఏర్పాటు చేశారు.

సభలకు వెళ్తే పిల్లలు సంతకం కోసం మూగేవారు. ఆయన కాగితం మీద సంతకం గీకి ఇచ్చేవారు కాదు. ‘నీకు వచ్చిన సందేహం ఒకటి పోస్టుకార్డు మీద రాసి పంపు, జవాబు రాసి కింద సంతకం పెట్టి పంపుతాను’ అనేవారు. అన్నట్టే రాసేవారు కూడా. సంతకం ఊరికే రాదు, ప్రశ్న అడిగితేనే వస్తుంది. కాశీ ఇంటి గోడ మీది నల్లబల్లే ఇలా పోస్టుకార్డు రూపంలో పల్లెపల్లెకూ చేరిందనుకోవాలి.

జనంలో శాస్త్రం వ్యాపింపజేసినందుకు యునెస్కో 1996లో కళింగ బహుమతి ఇచ్చింది. 2004లో పద్మవిభూషణ్ వచ్చింది. కాశీ, కేంబ్రిడ్జి, ముంబై, పుణె నగరాల్లో గడిపిన జీవితం గురించి మరాఠీలో రాసుకున్న ఆత్మకథకు 2014లో సాహిత్య అకాడెమీ పురస్కారం దక్కింది. 2021లో నాసిక్‌లో జరిగిన 94వ అఖిల భారత మరాఠీ సాహిత్య సమ్మేళనానికి ఆయనను అధ్యక్షులుగా ఎన్నుకున్నారు. కవులు, నవలాకారులు కూర్చునే పీఠానికి ఒక ఖగోళ శాస్త్రవేత్తను ఎన్నుకోవడం విశేషం. కథల పోటీకి తన చేతిరాతతో సాయపడిన మంగళ 2023 జూలైలో మరణించారు. రెండేళ్ళు తిరగకముందే ఆయనా వెళ్ళిపోయారు.

తెలుగులోనూ ఇలాంటి కృషి చేసినవారు లేకపోలేదు. జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసిన మహీధర నళినీమోహన్, భాభా అణు కేంద్రంలో పనిచేసిన కొడవటిగంటి రోహిణీప్రసాద్, అమెరికాలో ఆచార్యుడిగా ఉంటూ శాస్త్ర కాల్పనిక కథలు రాసిన వేమూరి వేంకటేశ్వరరావు అందరికీ అర్థమయ్యే తెలుగులో సైన్సు చెప్పారు. వారి పుస్తకాలు గ్రామ గ్రంథాలయాల్లో, హైస్కూళ్ళలో కనబడితే పిల్లలు వదిలిపెట్టరు.

స్కైలాబ్ నాటికి పదేళ్ళున్న పిల్లలు ఇప్పుడు తాతలు, నాయనమ్మలయ్యారు. ఆనాడు వారి ప్రశ్నకు జవాబు చెప్పేవారు ఊళ్ళో లేరు. నేడు మనుమడో మనుమరాలో ఆకాశం వైపు వేలు చూపి అదేమిటని అడిగితే, ‘అటు చూడకు’ అని లోపలికి లాక్కుపోకుండా, తెలిస్తే చెప్పడం, తెలియకపోతే రేపు సారును అడుగుదామనడం చేతనయిన పనే. పోస్టుకార్డు ఖరీదు కూడా పెద్దదేమీ కాదు.